చీటీ కాదు, ఫైలు కావాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు చాలా చక్కగా మాట్లాడారు. ఆ విషయాలు నాకంటే వారికే బాగా తెలుసు. నాకు కార్యదర్శిగారు అప్పగించిన అంశం వేరు. ‘నగరంలో సాంఘిక సహాయ సేవలు: ఎక్కడుంటాయి, ఎలా అందుకోవాలి’ అన్నది అంశం. ఇరవై నిమిషాలు సమయం ఇచ్చారు. నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఆ ముప్పై నాలుగేళ్ళలో మైకు ముందు నిలబడింది ఒక్కసారే, అదీ నా వీడ్కోలు సభలో. ఆ రోజు కళ్ళజోడు మరచిపోయి రెండు నిమిషాల్లో ముగించాను. అందుకని ఈసారి కళ్ళజోడు తెచ్చుకున్నాను, చెప్పదలచుకున్నది కాగితం మీద రాసుకొచ్చాను. తప్పులుంటే మన్నించండి.

ఈ డిసెంబరు 17 మనకెందుకు పండుగో అందరికీ తెలుసు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఆ తీర్పు పుణ్యాన మనం తల ఎత్తుకుని బతుకుతున్నాం. కాని హక్కు కాగితం మీద ఉండటం వేరు, అది మనిషి చేతికి అందటం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న దూరం గురించే నా మాటలన్నీ.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు మనవి చేసుకుంటాను.

నేనిచ్చిన చీటీ

2021 డిసెంబరులో ఇదే సభకు ఒక పెద్దమ్మ వచ్చింది. మా ఆఫీసులో అటెండరుగా పనిచేసిన మనిషి భార్య. భర్త 2020లో కరోనాతో పోయాడు. ఆమెకు ఫ్యామిలీ పెన్షను వస్తున్నది. భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే చోట నన్ను పట్టుకుని చెప్పింది. “సారూ, ఇల్లు కొడుకు పేర రాసిచ్చిన. ఏటీఎం కార్డు వాని దగ్గర్నే ఉన్నది. పెన్షను ఎంతొస్తదో నాకు ఎరుక లేదు. వరండాల పండుకుంటున్న” అన్నది.

నాకు మనసు చివుక్కుమన్నది. ఏదో ఒకటి చేయాలనిపించింది. ఆ మధ్యనే వృద్ధుల హెల్ప్‌లైన్ గురించి పేపర్లో చదివి ఉన్నాను. జేబులోంచి కాగితం తీసి, 14567 అని పెద్ద పెద్ద అంకెలతో రాసి ఆమె చేతిలో పెట్టాను. “దీనికి ఫోన్ చెయ్యమ్మా, వాళ్ళే చూసుకుంటారు” అన్నాను. ఆమె ఆ చీటీని కళ్ళకద్దుకుని కొంగున ముడివేసుకుంది. నేను మంచిపని చేశానన్న తృప్తితో బస్సెక్కాను.

ఆ తరువాత పదమూడు నెలలు ఆమె సంగతి నేను తలచుకోలేదు. తలచుకోకపోవడానికి నా కారణం నాకుంది. అదీ చెబుతాను.

మా ఇంటి సంగతి

2022 ఫిబ్రవరిలో మా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పట్టు తప్పాయి. ఒక పెద్ద ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాం. ప్రాణం దక్కించారు, కాదనను. ఇంటికి పంపేటప్పుడు పదకొండు పేజీల కాగితాలిచ్చారు. అందులో రక్తంలో ఏది ఎంత ఉన్నదో అంతా ఉన్నది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, డెబ్భై దాటిన ముసలివాడు ఒక్కడే మంచం మీద నుంచి కమోడు మీదికి ఎలా చేర్చాలో మాత్రం ఒక్క ముక్క లేదు.

అక్కడి నుంచి ఎనిమిది నెలలు తిరిగాను. నరాల డాక్టరు ఒకచోట, ఫిజియోథెరపీ ఇంకోచోట. మాట స్పష్టంగా రావడానికి మరొకరు. సంతకం పడక బ్యాంకులో ఇబ్బంది. మనిషిని పెడతామన్న ఏజెన్సీ అడ్వాన్సు తీసుకున్నది. పంపిన మనిషి నాలుగో రోజుకు రావడం మానేసింది. ప్రతివారూ వారి వారి ముక్క వారు చూశారు. అడిగితే ఒక చీటీ రాసిచ్చి ఇంకొకరి దగ్గరికి పంపారు. ఎవరినీ తప్పుపట్టలేను, ఎవరి పని వారు చేశారు. అన్ని ముక్కలూ కలిపి చూసేవారు లేరు, అంతే.

ఇంతలో ఆమెకు మరుపు మొదలైంది. ముప్పై ఏళ్ళ క్రితం పోయిన వాళ్ళమ్మ ఇంకా రాలేదేమిటని అడిగేది. అర్ధరాత్రి లేచి వాకిలి గొళ్ళెం తీసేది. అబ్బాయి బెంగుళూరులో, అమ్మాయి నాగపూరులో ఉంటారు. ఇద్దరూ మంచి పిల్లలే. రోజూ ఫోన్ చేసి “ఏమన్నా కావాలా నాన్నా” అని అడిగేవారు. “ఏం అక్కర్లేదు, నేను చూసుకుంటున్నాను” అనేవాణ్ణి. ఆ అబద్ధం రోజుకు రెండుసార్లు ఆడేవాణ్ణి.

అక్టోబరులో ఒక ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరుగారు చూశాక, పక్క గదిలో సోషల్ వర్కరును కలవమన్నారు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ అమ్మాయి. చిన్న గది, విరిగిన కుర్చీ, బల్ల నిండా కాగితాలు. “సార్, అమ్మగారి ఫైలు ఎవరి దగ్గరుంది?” అని అడిగింది.

నేను చీరల దుకాణం కవరొకటి బల్లమీద కుమ్మరించాను. నలభై మూడు కాగితాలున్నాయని ఆ అమ్మాయే లెక్కపెట్టి చెప్పింది. తేదీ వరుస లేదు, పేజీ నంబరు లేదు. ముప్పై నాలుగేళ్ళు ఊరందరి ఫైళ్ళూ కుట్టినవాణ్ణి, నా భార్య కాగితాలు చీరల కవరులో పెట్టుకు తిరుగుతున్నాను. సిగ్గేసింది.

తరువాత ఆమె అడిగిన ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. “మీరు రాత్రిపూట ఎన్ని గంటలు నిద్రపోతున్నారు సార్?” అన్నది. ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ అడగని మాట అది. “మూడు” అన్నాను. ఆ పైన గొంతు పెగల్లేదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తన మంచినీళ్ళ సీసా నా వైపు జరిపి, కాగితాలు తేదీల వారీగా సర్దుతూ కూర్చుంది.

ఇది మన పర్సనల్ రిజిస్టరే

సర్దడం అయ్యాక ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసింది. ఏం కావాలి? ఎవరు చేయాలి? ఎప్పటిలోగా? ఏమైంది? కింద మళ్ళీ కలిసే తేదీ వేసింది. నేను చూసి, “అమ్మా, ఇది మా ఆఫీసు పర్సనల్ రిజిస్టరు కదా!” అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, “మాకు కాలేజీలో దీన్ని కేస్ మేనేజ్‌మెంట్ అని నేర్పుతారు సార్” అన్నది.

మిత్రులారా, పేరు కొత్తది గాని పని మనకు కొత్తది కాదు. తపాలులో ఒక అర్జీ వస్తుంది. దానికి కరెంటు నంబరు పడుతుంది. సంబంధిత గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. పూర్వాపరాలు చూసి నోటు పెడతాడు. ఉత్తరాలు రాస్తాడు. జవాబు రాకపోతే రిమైండరు వేస్తాడు. ఇప్పుడు పని లేదు, కొన్ని నెలల తరువాత చూడాలి అనుకుంటే కాల్‌బుక్కులో పెడతాడు. పని పూర్తయితేనే డిస్పోజల్ వేస్తాడు. సూపరింటెండెంటు వచ్చి రిజిస్టరు చూసి, “ఈ కరెంటు ఇన్నాళ్ళుగా ఎందుకు కదల్లేదు?” అని నిలదీస్తాడు. ఆ ఒక్క గుమాస్తా లేకపోతే పది శాఖలున్నా ఆ అర్జీ కదలదు.

కేస్ మేనేజ్‌మెంట్ అంటే అదే. కష్టంలో ఉన్న మనిషి పరిస్థితి మొత్తం విని రాసుకోవడం, ఏమేం కావాలో వరుస వేయడం, ఏ సేవ ఎక్కడున్నదో అక్కడికి చేర్చడం, చేరిందో లేదో మళ్ళీ అడగడం, అవసరం మారితే ప్లాను మార్చడం. ఇవన్నీ ఒక మనిషి బాధ్యతగా చేయడం. రెండు తేడాలున్నాయి. మన ఫైలులో ఆర్డరు పై అధికారిది. ఇక్కడ ఆర్డరు ఆ కష్టంలో ఉన్న మనిషిదే, వారికి ఇష్టం లేని పని చేయకూడదు. రెండవది, మన ఫైలులో ఉన్నది కాగితం. ఇక్కడ ఫైలు అర్ధరాత్రి లేచి వాకిలి గొళ్ళెం తీస్తుంది.

ఆ అమ్మాయి అయిదు నెలలు మా ఫైలు చూసింది. చేసినవి పెద్దవేమీ కావు. బాత్‌రూములో గోడకు రెండు ఇనుప కడ్డీలు బిగించమన్నది. కమోడు కుర్చీ కొనిపించింది. లేవదీసే పద్ధతి నాకు రెండుసార్లు చేసి చూపించింది. వాకిలికి పైన, ఆమె చూపు పోనిచోట గొళ్ళెం పెట్టించింది. వైకల్య ధ్రువపత్రానికి దారి చెప్పింది. పిల్లలిద్దరితో ఫోన్‌లో కలిపి మాట్లాడి, “మీరు డబ్బు పంపడం కాదు, నెలకొకరు వారం రోజులు వచ్చి ఉండాలి, అప్పుడు నాన్నగారు నిద్రపోవాలి” అని తేదీలతో సహా రాయించుకుంది. మేము అడగడానికి మొహమాటపడిన మాట అది. పిల్లలు కాదనలేదు. అడగలేదు గనుకనే ఇన్నాళ్ళూ రాలేదని అర్థమైంది.

నా గురించి కూడా ఒక గడి గీసింది. 14416 అనే నంబరుంది, టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. మనసు బాగోలేనప్పుడు ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఒక రాత్రి రెండు గంటలకు నేనే చేశాను. చెప్పుకోవడానికి మొదట సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఈ సభలోనే చెబుతున్నాను, మీలో కొందరికైనా అవసరమని.

మళ్ళీ ఆ చీటీ దగ్గరకు

ఆ నాలుగు గడుల కాగితం ఇంట్లో గోడకు అంటించుకున్నాక ఒక రోజు ఆ పెద్దమ్మ గుర్తుకొచ్చింది. నేను ఆమెకిచ్చింది కూడా, నా చేతికి ఎనిమిది నెలలపాటు ఇచ్చినటువంటి చీటీయే గదా అనిపించింది. 2023 జనవరిలో, మా అమ్మాయి వచ్చి ఉన్న వారంలో, వెతుక్కుంటూ ముషీరాబాదు వైపు వాళ్ళ బస్తీకి పోయాను.

ఆమె వరండాలోనే ఉన్నది. చలికి గోనెపట్టా కప్పుకుని ఉన్నది. నన్ను చూసి లేచి, గోడగూట్లోంచి పసుపు డబ్బా తీసింది. దాంట్లో నా చీటీ ఉన్నది. “మీరిచ్చిన చీటీ పోగొట్టలే సారూ. జాగ్రత్తగనే పెట్టిన” అన్నది.

ఆమెకు చదువు రాదు. చేతిలో ఫోను లేదు. ఇంట్లో ఫోను ఉన్నది కొడుకు దగ్గర. కొడుకు మీద ఫిర్యాదు చేయడానికి కొడుకునే ఫోను అడగాలి. ఇవేవీ నేను అడగలేదు. అంకెలు పెద్దవిగా రాశానని మాత్రం సంతోషించాను.

ఆ రోజే కొత్త నోటుబుక్కులో ఆమె పేరు మీద నాలుగు గడులు గీశాను. ఏం జరిగిందో క్రమంగా చెబుతాను, మీకు పనికొస్తుంది.

మొదట 14567కు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నా ఫోను నుంచి చేశాను. స్పీకరు పెట్టి ఆమెనే మాట్లాడమన్నాను. ఈ హెల్ప్‌లైనుకు ఎల్డర్‌లైన్ అని పేరు. 2017లో టాటా ట్రస్టులు, విజయవాహిని సంస్థ కలిసి దీన్ని మన హైదరాబాదులోనే మొదలుపెట్టాయి. తరువాత కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ విస్తరించి 2021 అక్టోబరు 1న ప్రారంభించింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. సమాచారం చెప్పడమే కాదు, వృద్ధులను హింసిస్తున్నారంటే, దిక్కులేకుండా ఉన్నారంటే మనిషిని పంపి చూస్తారు. కొద్ది రోజుల్లో ఒక మనిషి వచ్చి కొడుకుతో కూర్చుని మాట్లాడాడు.

ఆ కొడుకును నేను రాక్షసుడనుకున్నాను. తీరా చూస్తే డ్రైవరు ఉద్యోగం పోయి, అప్పులవాళ్ళ బాధ పడలేక, తల్లి పెన్షనుతో వడ్డీలు కడుతున్నాడు. తప్పు తప్పే. కాని తప్పుకు కారణం తెలిస్తే దారి దొరుకుతుంది.

రెండవది బ్యాంకు. ఆమెను తీసుకుని పోయాను. ఖాతా ఆమెది, వేలిముద్ర ఆమెది. పాత కార్డు ఆపించి కొత్తది ఇప్పించాను. ఈ పనికి ఏ కోర్టూ అక్కర్లేదు. పక్కన ఒక మనిషి నిలబడితే చాలు. ఏడాదికి పైగా ఆ ఒక్క మనిషి లేక ఆమె తన పెన్షను మొహం చూడలేదు.

మూడవది ఇల్లు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాం. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు కూడా అంతే. దీనికి 15100 నంబరుంది. అక్కడి వకీలుగారు దానపత్రం చదివి, తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం, 2007 గురించి చెప్పారు. ఈ చట్టం ప్రకారం ట్రిబ్యునల్ అంటే ఆర్.డి.ఓ. గారే. మన నగరానికి హైదరాబాదు, సికింద్రాబాదు అని రెండు డివిజన్లు ఉన్నాయి. అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. తాను రాలేని వృద్ధుల పక్షాన వారు అధికారమిచ్చిన మరొక మనిషి గాని, సంస్థ గాని ఇవ్వవచ్చు. ఈ మాట మన సంఘం గుర్తుంచుకోవాలి. ట్రిబ్యునల్ అవసరమనుకుంటే ముందు రాజీ అధికారికి పంపుతుంది. నోటీసు అందిన 90 రోజుల్లో పోషణ అర్జీ తేల్చాలని చట్టం చెబుతోంది. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. నచ్చకపోతే అప్పీలు కలెక్టరుగారి దగ్గర.

23వ సెక్షను ఆస్తికి సంబంధించినది. నన్ను చూసుకోవాలి అన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని అడగవచ్చు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అర్థం చేసుకోవాలన్నది. అయినా నా మనవి ఒక్కటే. రాసివ్వకండి అని నేను చెప్పను, పిల్లలు మీ పిల్లలు. రాసిస్తే మాత్రం ‘నా జీవితాంతం నా తిండి, వైద్యం, నివాసం చూడవలెను’ అన్న వాక్యం దస్తావేజులో ఉండేటట్టు చూసుకోండి. ఆ పెద్దమ్మ దస్తావేజులో ఆ వాక్యం లేదు.

వకీలుగారు అర్జీ వేద్దామన్నారు. ఆమె వద్దన్నది. “నా కొడుకును ఆఫీసర్ల ముంగట నిలబెట్టలేను సారూ” అన్నది. నాకు కోపం వచ్చింది. తరువాత ఆ సోషల్ వర్కరు అమ్మాయి మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆర్డరు ఆమెది.

ఫలితం ఏమిటంటారా? కార్డు ఆమె చేతిలో ఉంది. ఇంటి ఖర్చుకు తనే ఇంత అని ఇస్తుంది. వరండాలోంచి ముందు గదిలోకి మంచం మారింది. కొడుకు మళ్ళీ బండి నడుపుతున్నాడు. ఇల్లు మాత్రం అతని పేరనే ఉంది. ఆ గడిలో నేను ‘పెండింగు’ అని రాసి ఉంచాను. మూడు నెలలకొకసారి వెళ్ళి చూసి వస్తున్నాను. పూర్తి విజయమని చెప్పను. ఆ చీటీ కంటే మేలు.

నగరంలో తలుపులు

ఇక మిగిలిన తలుపులు త్వరగా చెబుతాను. కావలసినవారు రాసుకోండి.

ఒకటి, ఆస్పత్రి. పెద్ద ఆస్పత్రిలో చేరినప్పుడు “మెడికల్ సోషల్ వర్కరు ఉన్నారా?” అని అడగండి. అడగకపోతే చెప్పరు. డిశ్చార్జికి ముందురోజే కలవండి. కాగితాలిచ్చి పంపాక కలవడం కష్టం.

రెండు, వైకల్యం. 2016 నాటి చట్టం ప్రకారం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తారు. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి. పార్కిన్సన్స్ జబ్బు కూడా ఇప్పుడు ఆ జాబితాలో ఉంది. పక్షవాతం వల్ల చేయి, కాలు పడిపోయినా పరీక్ష చేసి శాతం నిర్ణయిస్తారు. సాధారణంగా 40 శాతం ఉంటే పథకాలకు అర్హత. యూడీఐడీ కార్డు తీసుకోవాలి. “ముసలితనమే గదా” అని మనవాళ్ళు చాలామంది అడగనే అడగరు.

మూడు, ఎదగని బిడ్డలున్నవారు. మానసికంగా ఎదగని బిడ్డ, సంపాదించుకోలేని వైకల్యమున్న బిడ్డ ఉన్న పెన్షనర్లు, తమ తదనంతరం ఆ బిడ్డకు ఫ్యామిలీ పెన్షను అందేటందుకు కావలసిన కాగితాలు తాము బతికుండగానే పెన్షను ఆఫీసులో ఇచ్చుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. మనం పోయాక ఎవరో చూస్తారులే అనుకోవద్దు.

నాలుగు, ఇంట్లో హింస. ఆడవారికి 181 నంబరు, సఖి కేంద్రం ఉన్నాయి. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, తాత్కాలిక బస ఒకేచోట ఏర్పాటు చేయాలన్నది దాని ఉద్దేశం. ప్రాణాపాయమైతే 112.

ఐదు, నయంకాని జబ్బు. క్యాన్సరు ముదిరినప్పుడు “ఇక చేసేదేమీ లేదు” అన్నారని ఇంట్లో మూలగనివ్వకండి. నొప్పి తగ్గించే వైద్యం వేరే ఉంది, పాలియేటివ్ కేర్ అంటారు. మన రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది.

ఫైలు ఎలా కట్టాలి

ఏ తలుపు తట్టినా చేతిలో ఫైలు ఉండాలి. మనకు ఇది చెప్పనక్కర్లేదు, అయినా నేనే చీరల కవరుతో తిరిగాను గనుక చెబుతున్నాను. పై పేజీలో పేరు, వయసు, జబ్బులు, వాడుతున్న మందులు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఒకే కాగితం మీద రాయండి. మిగిలినవి తేదీ వరుసన కుట్టి పేజీ నంబరు వేయండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, ఎదుటివారి పేరు, ఫిర్యాదు నంబరు రాసుకోండి. “చూస్తామండి” అన్నవారిని “ఎప్పటికి?” అని అడగండి. ఆ తేదీని క్యాలెండరులో వేసి, ఆ రోజు ఫోన్ చేయండి. మనం జీవితమంతా ఇతరుల చేత రిమైండర్లు వేయించుకున్నవాళ్ళం. ఇప్పుడు మన వంతు.

ఏ ఏజెన్సీ నుంచైనా మనిషిని పెట్టుకునేటప్పుడు జీతం, పని గంటలు, సెలవు, మనిషి రాకపోతే బదులు ఎవరు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. పోలీసు వెరిఫికేషను అయిందా అని అడగండి. అడ్వాన్సు ఎక్కువ ఇవ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఆ ఫైలులో సేవ చేసే మనిషికి కూడా ఒక పేజీ ఉండాలి. ఎంత నిద్రపోతున్నాడు, తన మందులు తాను వేసుకుంటున్నాడా, వారానికి ఒక పూట బయటికి పోగలుగుతున్నాడా అన్నది రాయాలి. ఆ మనిషి పడిపోతే రెండు ఫైళ్ళవుతాయి.

సంఘానికి నా ప్రతిపాదన

ఇక ముగిస్తాను. మన ప్రభుత్వ పట్టికలో కేస్ మేనేజర్ అన్న పోస్టు వార్డుకొకటి లేదు. సేవలు ఉన్నాయి, వాటిని కలిపి పట్టుకునే చేతులు తక్కువ. ఆ అమ్మాయిలాంటి ఒక సోషల్ వర్కరు ముందు రోజూ ఎంతమంది కూర్చుంటారో నేను కళ్ళారా చూశాను. ఆ లోటు తీరే వరకు మనం ఊరకే కూర్చోనక్కర్లేదు. ఈ హాలులో పర్సనల్ రిజిస్టరు నిర్వహించినవారు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు లేచింది. ఇంత అనుభవం ఇంకెక్కడ దొరుకుతుంది?

కనుక కార్యవర్గానికి నా మనవి. ప్రతి శనివారం ఉదయం 10 నుంచి 12 దాకా మన ఆఫీసు గదిలో ఒక బల్ల వేయండి. ఒక రిజిస్టరు కొనండి. నలుగురం గుమాస్తాలం వంతులవారీగా కూర్చుంటాం. వచ్చినవారికి నంబరు వేస్తాం, నాలుగు గడులు గీస్తాం, అవసరమైతే వెంట పోతాం. మనం వైద్యులం కాము, వకీళ్ళం కాము, ఆ పని వారికే వదిలేద్దాం. నిజాం కాలేజీ రోజుల నుంచి మనకు పరిచయమున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్కు విభాగం ఉంది, గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ కాలేజీ ఉంది. విద్యార్థులకు ఫీల్డువర్కు తప్పనిసరి. ఇద్దరు ముగ్గురిని పంపమని కార్యదర్శిగారు ఒక ఉత్తరం రాయవచ్చు. డ్రాఫ్టు నేను పెడతాను. నెలకొకసారి అధ్యక్షులవారు సూపరింటెండెంటుగా వచ్చి రిజిస్టరు తనిఖీ చేయాలి. ఏ కరెంటు ఎందుకు కదల్లేదో మమ్మల్ని నిలదీయాలి. ఒక నియమం మాత్రం పెట్టుకుందాం. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. ఇంటి గుట్టు రిజిస్టరు దాటి టీ కొట్టు దాకా పోతే రేపు ఎవరూ రారు.

మొదటి పేరుగా ఆ పెద్దమ్మ పేరు ఎక్కిస్తాను. రెండవది మా శ్రీమతిది. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నది. నన్ను మాత్రం కొన్ని రోజులు గుర్తుపడుతుంది, కొన్ని రోజులు పట్టదు. ఇవాళ బయలుదేరుతుంటే, “ఆఫీసుకు ఆలస్యం కాలేదా?” అని అడిగింది. అమ్మాయి ఇంట్లో ఉన్నది గనుక రాగలిగాను. సాయంత్రం అయిదింటికల్లా వస్తానని చెప్పి వచ్చాను, ఆ మాట నిలబెట్టుకోవాలి.

 శనివారం కూర్చోదలచినవారు భోజనాల దగ్గర నాకు పేరివ్వండి. చీటీ రాసివ్వనక్కర్లేదు, నోటుబుక్కు తెచ్చుకున్నాను.